మధ్యాహ్నం వెలిగే వాకిలి లైటు

నాకు భయం ఎక్కువ. ఇదేం దాచుకునే సంగతి కాదు, మా ఇంట్లో అందరికీ తెలిసిందే. లాయర్ ఆఫీసు నుంచి ఈమెయిల్ వస్తే ముందు మంచినీళ్లు తాగి, ఆ తర్వాతే తెరుస్తాను. మెయిల్‌బాక్స్‌లో ప్రభుత్వ ముద్ర ఉన్న కవరు కనిపిస్తే ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువో తక్కువో అవుతుంది. గ్రీన్‌కార్డు క్యూలో ఉండగానే జుట్టు నెరిసిన మనిషిని నేను. ఫేస్‌బుక్‌లో ఎవరైనా రాజకీయాలు రాస్తే చదువుతాను గానీ లైక్ కొట్టను, రేపు వీసా స్టాంపింగ్‌కి వెళ్తే ఎవరేం అడుగుతారో ఏమో. మా ఆయన ఈ విషయంలో నాకన్నా రెండాకులు ఎక్కువే చదివాడు. మా వీధి మలుపులో కార్లు దూసుకొస్తున్నాయి, స్టాప్ సైన్ పెట్టించుకుందాం, సంతకం పెట్టండి అని వచ్చినవాళ్లని చూసి నవ్వి, ఆలోచించి చెబుతానని తలుపు వేసేశాడు. మనకెందుకొచ్చిన గొడవ అన్నది మా ఇంట్లో రోజూ వినపడే మాట.

అలాంటి నేను పట్టపగలు, ఎండ మండిపోతుంటే, వాకిట్లో లైటు వేసి కూర్చుంటున్నాను. వీధిలోవాళ్లు నాకు మతి పోయిందనుకుంటూ ఉంటారు. అనుకోనీ. ఎందుకు వేస్తున్నానో చెప్పాలంటే పక్కింటి అక్క సంగతి చెప్పాలి.

శాన్ రామన్‌లో మా టౌన్‌హౌస్‌కీ ఆవిడ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఫిలిప్పీన్స్ నుంచి నర్సుగా వచ్చి, ఇక్కడి ఆసుపత్రుల్లోనే నడుం అరగదీసుకుని, రిటైరైంది. భర్త పోయాడు, కొడుకు టెక్సస్‌లో ఉంటాడు. వాళ్ల భాషలో అక్కని ‘ఆతే’ అంటారు. నేనూ అలాగే పిలుస్తాను. నన్ను ఆవిడ ‘చెల్లి’ అంటుంది, ఆ మాట నేనే నేర్పాను. మిగతా మాటలన్నీ మేం ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం, నేనే ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

ఆవిడ హాల్లో ఎప్పుడూ ఒక పెద్ద అట్టపెట్టె నోరు తెరుచుకుని ఉంటుంది. మా అమ్మాయి చిన్నప్పుడు దాంట్లో దాక్కునేది, అంత పెద్దది. ఫిలిప్పీన్స్ వాళ్ల ఇళ్లలో ఇది మామూలే. సబ్బులు, తువ్వాళ్లు, డబ్బా మాంసం, చాక్లెట్లు, పిల్లల బూట్లు, ఏ వారం ఏది దొరికితే అది అందులో పడేస్తూ ఉంటారు. నిండాక టేపు వేసి ఓడకెక్కిస్తారు. రెండు నెలలకి ఊళ్లో దిగుతుంది. బరువుతో పని లేదు, మూత పడితే చాలట. ఇరవైమూడు కేజీల సూట్‌కేసుల్లో ఆవకాయ సీసాకీ స్వెటర్‌కీ మధ్య గ్రాముల లెక్కన యుద్ధం చేసిన జాతి మనది. బరువు చూడరన్న మాట వినగానే నేను ఆ పెట్టెని ప్రేమించేశాను. సందు కనపడితే సాక్సు కూరే విద్య నాకుంది కాబట్టి సర్దే పని ఆవిడ నాకే అప్పజెప్పేది.

సర్దుతూ ఉంటే ఆవిడ దేశం గురించి తిట్టేది. ప్రేమ ఉన్నవాళ్లు తిట్టే తిట్లు అవి. ప్రపంచంలో ఓడలు నడిపేది మావాళ్లే, ఆసుపత్రులు నడిపేది మావాళ్లే, సొంత వీధిలో ఒక దీపం మాత్రం వెలిగించుకోలేం అనేది. మావాడే ఇక్కడైతే నరమానవుడు లేని రోడ్డు మీద కూడా స్టాప్ సైన్ దగ్గర బండి ఆపుతాడు, మనీలాలో దిగీ దిగగానే పేవ్‌మెంట్ మీద ఎక్కిస్తాడు అనేది. అన్నిటికన్నా ఆవిడకి ఒళ్లు మండేది ఫ్లెక్సీలంటే. బస్ షెల్టర్ మీద నాయకుడి బొమ్మ, అంబులెన్సు మీద నాయకుడి బొమ్మ, వరదల్లో పంచే బియ్యం సంచీ మీద కూడా వాడి పళ్లే. మా దగ్గరా అంతే ఆతే, పుట్టినరోజుకి చౌరస్తా కనపడదు అని నేనంటే ఇద్దరం నవ్వుకునేవాళ్లం. మావాళ్లకి కృతజ్ఞత ఎక్కువ చెల్లీ, అదే మా రోగం అనేది. చావు ఖర్చులకి చేయి అందించినవాడికి చచ్చేదాకా ఓటు వేస్తారట. సొంత డబ్బుతో ఇచ్చాడా, మన డబ్బుతోనే మనకిచ్చాడా అని అడగడం మర్యాద కాదట. అయినా ఆశ చావలేదు ఆవిడకి. ఒక్క వీధి బాగుపడితే పక్క వీధి చూసి నేర్చుకుంటుంది అనేది.

ఆ ఒక్క వీధి ఆవిడ తమ్ముడు ఉండే వీధి. మనీలాకి కొన్ని గంటల బస్సు దూరంలో చిన్న ఊరు. తమ్ముడు అక్కడి సర్కారు బడిలో సైన్సు మాస్టారు. పిల్లలు ఎక్కువ, గదులు తక్కువ కాబట్టి బడి రెండు షిఫ్టులు. పొద్దుటి షిఫ్టు పిల్లలు చీకటితోనే బయల్దేరాలి, మాస్టారు వాళ్లకన్నా ముందు వెళ్లి గేటు తీయాలి. హైవే నుంచి బడి దాకా ఆ వీధిలో ఒక్క దీపం లేదు. కిందటి వానాకాలం ఆ చీకట్లో ఒక ఆడపిల్లని ఆటోలాంటి బండి గుద్దేసింది, కాలు విరిగింది. తమ్ముడు ఊరి ఆఫీసుకి వెళ్లి అడిగితే, ఆ వీధికి దీపాలు ఎప్పుడో వేయించాం మాస్టారూ, రికార్డులో ఉంది అన్నారట.

అది విన్న రోజు ఆతే పెట్టెలో ఉన్న సబ్బులూ తువ్వాళ్లూ అన్నీ తీసి సోఫా మీద పారేసింది. నన్ను కార్లో ఎక్కించుకుని హోల్‌సేల్ స్టోర్‌కి తీసుకెళ్లి, తెల్లవారేదాకా వెలిగే రకం సోలార్ లైట్లు ఎన్ని పడితే అన్ని కొంది. ఒక్కోదాన్నీ తువ్వాలులో చుట్టి నేనే సర్దాను. పసిపిల్లని పడుకోబెట్టినట్టు సర్దుతున్నావే అని ఏడిపించింది నన్ను.

ఓడ చేరింది. వీధి జనమంతా కలిసి వెదురు బొంగులు పాతి లైట్లు కట్టారు. ఆ వీడియో నేను మా ఆయనకి కూడా చూపించాను. పిల్లలు చీకట్లో కాదు, వెలుతుర్లో నడుస్తున్నారు. ముసలమ్మ ఒకావిడ లైటు కింద కుర్చీ వేసుకుని వెల్లుల్లి వలుచుకుంటోంది. బాగుందే అన్నాడు మా ఆయన, అంతకన్నా పెద్ద మెప్పు ఆయన నోట రాదు.

వారం తిరక్కుండా మొదటి బొంగుకీ రెండో బొంగుకీ మధ్య ఒక పెద్ద ఫ్లెక్సీ వేలాడింది. ఊరి పెద్ద, అంటే మన సర్పంచి లాంటివాడు, పళ్లికిలించి చేతులు చాపి ఉన్నాడు. ఈ వెలుగు మీ సేవకుడి కానుక అని కింద రాసి ఉంది. ఫోటో చూసి ఆతే నిప్పులు కక్కింది. అప్పటికప్పుడు తమ్ముడికి ఫోన్ చేసి, పీకి అవతల పారెయ్ అంది. నేను పక్కనే ఉన్నాను. వద్దు ఆతే, లైటు వెలుగుతోంది కదా, బొమ్మ ఎవరిదైతే ఏం, మనకెందుకు అన్నాను. ఆవిడ నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు, జాలి.

తమ్ముడు పీకాడు. పీకి పారేసి ఊరుకున్నా పోయేది. ఎంతైనా మాస్టారు. ఆ ఫ్లెక్సీని దుమ్ము దులిపి, నాలుగు మడతలు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఊరి ఆఫీసుకి తీసుకెళ్లి సర్పంచి చేతిలో పెట్టాడు. అయ్యా, ఇది పొరపాటున మా అక్క పంపిన లైట్లకి కట్టారండీ అన్నాడట, ఎంతో మర్యాదగా. ఆఫీసు నిండా జనం. ఎవరో నవ్వారట.

ఆతే ఆ మాట వినగానే కుర్చీలో కూలబడింది. నాకు అర్థం కాలేదు, మర్యాదగానే ఇచ్చాడుగా అన్నాను. అదే తప్పు అంది. వాళ్ల దగ్గర దొంగని దొంగ అని చాటుగా ఎన్నిసార్లైనా అనవచ్చు. నలుగురిలో తల దించుకునేలా చేస్తే మాత్రం మర్చిపోరు. రాత్రిపూట చింపి కాలవలో పడేసి ఉంటే గాలికి పోయిందనుకునేవాడు, మావాడు చేతిలో పెట్టి చెంప మీద కొట్టాడు అంది. నేను మా ఊళ్ల వాళ్లని తలుచుకున్నాను. మాదీ అదే కథ, ఇంకా ఏం అర్థం కావాలి?

తర్వాత మోటార్‌సైకిల్ వచ్చింది.

ఒక బండి మీద ఇద్దరు. తమ్ముడి ఇంటి ఎదురుగా ఆపుతారట, హెల్మెట్లు తీయరట, ఇంజన్ ఆపరట. కాసేపుండి వెళ్లిపోతారట. తమ్ముడు ఏదో వాన పడింది అన్నట్టు మాటల మధ్యలో చెప్పాడు. ఆతే మాత్రం వంట పొయ్యి మీదే వదిలేసి మా ఇంటికొచ్చింది. నా చేయి పట్టుకుంది. వాళ్ల దేశంలో ఒక బండి మీద ఇద్దరు ముఖాలు కప్పుకుని గేటు ముందు ఆగడమంటే ఏమిటో చిన్నపిల్లలకి కూడా తెలుసట. ముందువాడు బండి నడపడానికి, వెనకవాడు కాల్చడానికి. ఆవిడ అది మామూలు గొంతుతో చెప్పింది.

పోలీసులకి చెప్పొచ్చుగా అన్నాను. పోలీసు స్టేషన్ బెంచీల మీద కూడా ఆ సర్పంచి పేరే ఉంది చెల్లీ అంది.

మాకు మధ్యాహ్నం రెండైతే వాళ్లకి మర్నాడు తెల్లవారుజామున ఐదు. తమ్ముడు గేటు దాటి బడికి నడిచే వేళ. నాది ఇంటి నుంచి చేసే ఉద్యోగం, ఆ వేళకి మీటింగులు పెట్టుకోవడం మానేసి, లాప్‌టాప్ పట్టుకుని ఆతే వంటింట్లో కూర్చోవడం మొదలుపెట్టాను. బడి గేటు చేరగానే తమ్ముడు ఫోన్లో బొటనవేలు బొమ్మ పంపాలి, అదీ వాళ్ల ఒప్పందం. ఆ బొమ్మ వచ్చేదాకా ఆవిడ ఏదో ఒకటి తుడుస్తూ ఉండేది. తుడిచిన గట్టే తుడిచేది. వచ్చాక ఇద్దరం కాఫీ తాగేవాళ్లం. ఇన్నేళ్లూ నేను భయం అనుకున్నదంతా కవర్ల భయం, కాగితాల భయం. మనిషి క్షేమంగా చేరతాడా లేదా అన్న భయం ఎలా ఉంటుందో అక్కడ కూర్చున్నాకే తెలిసింది. అది వేరే. నోట్లో ఇనుము రుచి వస్తుంది.

ఒకరోజు ఆ బొమ్మ రాలేదు.

రెండున్నరైంది. ఆతే ఫోన్ చేసింది, మోగుతోంది, ఎత్తడం లేదు. మరదలికి చేసింది, అదీ అంతే. బడికి చేస్తే బిజీ. మూడైంది. మా మేనేజర్ చాట్‌లో ఏదో అడుగుతున్నాడు, అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ బుర్రకెక్కడం లేదు. ఆతే సింకు అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నేనే చెప్పాను పీకమని, నేనే చెప్పాను అని గొణుగుతోంది. కాదు ఆతే, నువ్వు కాదు అంటూ వీపు రాశాను. లోపల మాత్రం నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కేశాను, ఏ దేవుడికి ఏం మొక్కానో కూడా గుర్తులేదు.

నాలుగు దగ్గర పడుతుండగా ఫోన్ మోగింది. తమ్ముడే. బతికే ఉన్నాడు. ప్రాణం లేచొచ్చింది నాకు, ఆవిడ మాత్రం ఏడవకుండా స్పీకర్‌లో పెట్టి వింది. నాకు ఆ భాష రాదు. తర్వాత ఆవిడ చెప్పింది ఇది. బడికి వెళ్లే దారిలోనే ఆపి, సర్పంచి పిలుస్తున్నాడని తీసుకెళ్లారట. కొట్టలేదు, తిట్టలేదు. టీ ఇచ్చారట. మడత పెట్టిన ఆ ఫ్లెక్సీనే చేతికిచ్చి, మీరే విప్పారు కదా, మీరే కట్టండి అన్నారట. పిల్లలంతా బడికి వెళ్తూ చూస్తుండగా మాస్టారు నిచ్చెన ఎక్కి కట్టాడు. నిచ్చెన సర్పంచే పట్టుకున్నాడు. కింది నుంచి నవ్వుతూ అన్నాడట, "జాగ్రత్త మాస్టారూ. ఈ బొంగులు పుచ్చినవి. ఎక్కినవాళ్లు చాలామంది పడ్డారు."

ఆతే కళ్లు మూసుకుంది. తర్వాత తమ్ముడితో ఇంగ్లీషులోనే అంది, నాకూ అర్థం కావాలనో ఏమో.

"లైట్లన్నీ విప్పెయ్. మనకెందుకు? నువ్వు బతికుంటే చాలు నాకు."

మనకెందుకు అంది ఆతే. రోజూ మా ఇంట్లో పప్పులో పోపు వేసినంత మామూలుగా వాడే మాట అది. ఆవిడ నోట వింటే ఎవరో మనిషి మా కళ్లముందే పోయినట్టనిపించింది. తమ్ముడు సరే అక్కా అన్నాడు. అంతే, ఫోన్ పెట్టేశాడు. ఆ రోజు కాఫీ తాగలేదు మేం.

లైట్లు విప్పారని తెలిసింది. ఆతే మళ్లీ పెట్టె ముందు కూర్చోలేదు. దేశం గురించి తిట్టడం కూడా మానేసింది. తిట్టు ఆతే, ఒక్కసారి తిట్టు అని బతిమాలాలనిపించేది. నేను మాత్రం రెండింటికి వెళ్లడం మానలేదు, ఆవిడా తుడవడం మానలేదు. లైట్లు విప్పినా మోటార్‌సైకిల్ వస్తూనే ఉంది మరి.

ఒక మధ్యాహ్నం బొటనవేలు బొమ్మకి బదులు వీడియో కాల్ వచ్చింది. తెర అంతా చీకటి. నడుస్తున్నాను అక్కా, చూడు అంటున్నాడు తమ్ముడు. చీకట్లో ఎందుకు ఫోన్ పట్టుకుని నడుస్తున్నావ్ అని ఆతే కసురుకుంది. ఫోన్ పైకి తిప్పాడు. ఖాళీ బొంగులు, వాటి మధ్య ఫ్లెక్సీ. చీకట్లో ఆ బొమ్మ మొహం కూడా కనపడటం లేదు, నల్లటి గుడ్డలా ఊగుతోంది. తర్వాత ఫోన్ పక్కకి తిప్పాడు.

మొదటి ఇంటి గేటుకి ఒక లైటు ఉంది. మేం పంపిందే. పక్క గేటుకి ఇంకోటి. ఎదురింటి గోడకి ఒకటి, బట్టలారేసే తీగకి ఒకటి. విప్పిన లైట్లని ఇంటికొకటి పట్టుకుపోయి, ఎవరి గేటుకి వాళ్లు తగిలించుకున్నారు. మీటింగు లేదు, తీర్మానం లేదు, ఎవరూ ఎవరికీ ఏం చెప్పలేదట. అది ఊరి దీపం కాదు కాబట్టి కానుక అని రాసుకోవడానికి లేదు. ఎవరి ఇంటి లైటు వాళ్లది. వీధి మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెలుగుతోంది. వెల్లుల్లి ముసలమ్మ గేటు పట్టుకుని నిలబడి, మాస్టారికి చేయి ఊపింది. ఆతే నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

అప్పుడే తెర మీద దూరంగా ఇంకో లైటు కనిపించింది. అది గేటుకి లేదు. కదులుతోంది.

ఇంజన్ చప్పుడు మాకు కూడా వినపడింది. తమ్ముడు ఆగాడు. ఆతే గోళ్లు నా చేతిలో దిగాయి, నాకు నొప్పి తెలియలేదు. వెనక్కి తిరుగు, వెనక్కి తిరుగు అని నేను తెలుగులోనే అంటున్నాను. బండి నెమ్మదిగా వస్తోంది. ఇద్దరున్నారు.

ముసలమ్మ గేటు తీసుకుని వీధిలోకి వచ్చింది. వచ్చి ఏం చేయలేదు, తన లైటు కింద నిలబడింది అంతే. పక్క గేటు చప్పుడైంది. ఎదుటిది కూడా. నైటీల్లో ఆడవాళ్లు, బనియన్లలో మగవాళ్లు, ఒకావిడ చంకలో పిల్లాడు. ఎవరూ అరవలేదు. బండి ఒక్కో లైటు కిందకీ రావాల్సి వచ్చింది, ఒక్కో లైటు కింద ఒకరు నిలబడి చూస్తున్నారు. వెనకవాడు తల దించుకున్నాడు. బండి తమ్ముడి పక్క నుంచి వెళ్లింది, తెరంతా ఒక్క క్షణం తెల్లగా అయిపోయింది. తర్వాత చప్పుడు దూరమైంది.

కాసేపటికి ఆయన బడి గేటు తాళం తీసిన చప్పుడు వినిపించింది. ఆతే బాత్‌రూంలోకి పరిగెత్తి వాంతి చేసుకుంది. మొహం కడుక్కుని వచ్చి నన్ను అడిగింది, "రేపు కూడా నిలబడతారంటావా?"

నిలబడతారు ఆతే అన్నాను. నాకేం తెలుసు?

మర్నాడు రెండింటికి నేను వెళ్లేసరికి ఆవిడ వాకిట్లో లైటు వెలుగుతోంది. మిట్టమధ్యాహ్నం, వెలుగుతోందో లేదో చేయి అడ్డం పెట్టి చూస్తే గానీ తెలియదు. నా గేటు అక్కడ లేదుగా చెల్లీ, ఇక్కడే నిలబడతాను అంది. నేను మా ఇంటికి వెనక్కి వచ్చి మా వాకిలి లైటు కూడా వేశాను. వేయకుండా కూర్చోలేను, అంతే. బొటనవేలు బొమ్మ వచ్చాక ఆర్పేస్తాం. ఇప్పటిదాకా రోజూ వచ్చింది. కొన్నిసార్లు ఆలస్యంగా వచ్చింది.

మా ఆయనకి ఆ లైట్ల వీడియో తప్ప ఇదంతా తెలియదు. చెబితే మనకెందుకు అంటాడని చెప్పలేదు. మొన్న ఆయన ఇంటి నుంచి పనిచేస్తున్నాడు. కిందకొచ్చి, పట్టపగలు లైటేంటే అంటూ స్విచ్ ఆపేశాడు. అప్పటికి రెండుంపావు, బొమ్మ ఇంకా రాలేదు.

నేను అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు, పెళ్లైనప్పటి నుంచీ. "వెయ్యండి! ఆయన ఇంకా చేరలేదు."

ఎవరు, ఎక్కడికి అని అడుగుతాడనుకున్నాను. నా మొహం చూశాడు. స్విచ్ వేశాడు. తలుపు తీసుకుని వాకిట్లోకి వెళ్లి ఆ లైటు కింద నిలబడ్డాడు. పక్క వాకిట్లో ఆతే నిలబడి ఉంది. ఏమనుకున్నాడో, ఆవిడకి చేయి ఊపాడు. ఆవిడ ఫోన్‌లో ఆ బొమ్మ వచ్చేదాకా లోపలికి రాలేదు.